ఆముదం ముద్ర

ఎక్స్‌రే గదిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసినవాణ్ణి అనుభవాలు చెప్పమంటే విరిగిన ఎముకల గురించో, మచ్చపడ్డ ఊపిరితిత్తుల గురించో చెబుతాడనుకుంటారు. నేను చెప్పబోయేది మలబద్ధకం గురించి. భోజనానికి ముందు చదివేవాళ్ళు కాసేపాగి చదవండి. నాకేం తొందర లేదు.

పేగుల కదలిక కొలవటానికి ఇప్పుడు కంప్యూటర్లూ, గీతలు గీసే యంత్రాలూ వచ్చాయని ఈ కాలం టెక్నీషియన్ పిల్లలు చెబుతుంటారు. సంతోషం. డెబ్బైలలో మా దగ్గర ఉన్నవి ఒక బ్లేడు, ఒక ప్లాస్టిక్ గొట్టం, ఒక రబ్బరు స్టాంపు. మొదటి రెండూ బాగానే పనిచేశాయి. మూడోది నాది.

బెజవాడలో కాలవ ఒడ్డున అప్పట్లో ఒక ధర్మాసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు. నాకు ఇరవై ఏడేళ్ళు. ఎక్స్‌రే గది మొత్తానికి ఇద్దరం: ఫొటో తీయటానికి నేను, చీకటి గదిలో ఫిల్ములు కడగటానికి ఒక బాబాయి. ఆయన నాకేమీ కాడు, ఆస్పత్రిలో అందరికీ బాబాయే. తడి ఫిల్మును వెలుతురుకి ఎత్తిపట్టి డాక్టర్లకంటే ముందే రోగం చెప్పేసేవాడు. పదింటిలో తొమ్మిది సరిగ్గా చెప్పేవాడు. పదోది కూడా అంతే ధీమాగా చెప్పేవాడు.

కడుపు ఫొటో తీయాలంటే పేగులు ఖాళీగా ఉండాలి. లేకపోతే లోపలున్నదంతా అడ్డం వచ్చి కిడ్నీలో రాయి ఉందో లేదో తెలియదు. అందుకని కడుపు ఫొటో చీటీ ఏది వచ్చినా దానిమీద "ముందురోజు రాత్రి ఒక ఔన్సు ఆముదం, పొద్దున ఏమీ తినరాదు" అని రాసి వార్డుకి పంపాలి. రాసి రాసి విసుగొచ్చి, ఒకరోజు గవర్నరుపేటలో స్టాంపు చేయించి తెచ్చాను. దాన్ని చూసి పెద్ద డాక్టరుగారు మెచ్చుకున్నారు. ఆయన మెచ్చుకోవటం నేను ఉద్యోగంలో రెండుసార్లే చూశాను. రెండోసారి కొత్త జనరేటరుని మెచ్చుకున్నారు.

ఆ రోజుల్లోనే మా ఆస్పత్రికి ఒక చిన్న సర్జనుగారు వచ్చారు. పై చదువు అప్పుడే ముగించుకుని వచ్చిన మనిషి. తక్కువ మాట్లాడేవారు, ఎక్కువ చదివేవారు. ఆయన వార్డులోకి ఉయ్యూరు అవతల చెరుకు పండించే ఊరినుంచి ఒకావిడ వచ్చి చేరింది. ముప్ఫై దాటి ఉండదు. పది రోజులకొకసారి, పన్నెండు రోజులకొకసారి తప్ప విరేచనం కాదు. అది కూడా ఆముదం తాగితేనే. పన్నెండేళ్ళుగా ఇదే బాధ. కడుపు ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది, అన్నం దగ్గర కూర్చుంటే వాంతి. ఆమెతోపాటు వాళ్ళ అత్తగారు వచ్చింది. కోడలి రోజులన్నీ ఆవిడ వేళ్ళమీద చెప్పేది. "ఇయ్యాళ్టికి తొమ్మిదో రోజండీ" అని వార్డులో ఎవరు కనబడితే వాళ్ళకి చెప్పేది, ఊడ్చే మనిషితో సహా.

అలాంటివాళ్ళకి పెద్దపేగు కోసి తీసేస్తే నయమవుతుందని కొందరు అనేవారట. చిన్న సర్జనుగారికి అది అంత సుళువుగా మింగుడుపడలేదు. ఒక సాయంత్రం ఎక్స్‌రేలో కనబడే రకం ప్లాస్టిక్ గొట్టం ఒకటి పట్టుకుని మా గదికొచ్చారు.

"ఏమండీ, దీన్ని బియ్యపు గింజలంత ముక్కలు కోసిపెట్టాలి. ఇరవై. సమానంగా ఉండాలి."

"దేనికి సార్?"

"మింగిస్తాం. అయిదు రోజులు ఏ మందూ ఇవ్వం. తరవాత మీరు ఫొటో తీస్తారు. ముక్కలన్నీ బయటికి పోయుంటే పేగు బాగానే ఉన్నట్టు. పేగు పొడుగునా చెల్లాచెదురుగా ఉండిపోతే పేగే బద్ధకంగా ఉన్నట్టు, అప్పుడు కొయ్యటం గురించి ఆలోచిస్తాం. అడుగున ఒక్కచోట చేరితే వేరే సంగతి."

నేనూ బాబాయీ కూర్చుని కోశాం. కాంపౌండరు రెండు కాప్స్యూళ్ళలో మందు పారబోసి ఆ ముక్కలు నింపాడు. సోమవారం పొద్దున ఆమె మింగింది. అయిదు రోజులదాకా ఏ మందూ వద్దని చిన్న సర్జనుగారు పగటి సిస్టరుకి చెప్పారు. పగటి సిస్టరు రాత్రి సిస్టరుకి చెప్పింది. తరవాత ఆయన ఏదో పరీక్షల పనిమీద గుంటూరు వెళ్ళారు.

శుక్రవారం మధ్యాహ్నం, రేపటి ఫొటోల చీటీలు నా బల్లమీదికి వచ్చాయి. ఒకదానిమీద ఆమె పేరు, దానికింద "కడుపు" అని ఉంది. ముద్ర వేశాను.

ఆ ముక్కలు నా చేతులతో కోసినవి. అయిదు రోజులు ఎందుకు ఆగుతున్నామో నాకు విడమరిచి చెప్పారు. అయినా వేశాను. చెయ్యి పని చేస్తుంటే బుర్ర టీకి వెళ్ళటమంటే అదే. రాత్రి సిస్టరు తనకి చెప్పిన మాటనీ చూసింది, చీటీమీద ముద్రనీ చూసింది. ఆస్పత్రిలో నోటిమాటకంటే ముద్రకే విలువెక్కువ. ఆముదం పోసేసింది.

శనివారం బాబాయి తడి ఫిల్ము ఎత్తిపట్టి చూశాడు.

"ఒక్క ముక్క కూడా లేదురా. ఆ అమ్మాయి పేగు నా పేగుకంటే బాగుంది."

నాకప్పుడైనా వెలగాల్సింది. వెలగలేదు. పైగా ఫిల్ము ఎంత శుభ్రంగా వచ్చిందో చూసుకుని మురిసిపోయాను.

రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు ఆ ఫిల్ము చూసి, ఆమె మంచం పక్కనే నిలబడి, అందరికీ వినబడేటట్టు చెప్పారు: "ఈవిడకి రోగం లేదు. ఉందని చెప్పటమే ఈవిడ రోగం." ఆ రోజే ఊరినుంచి వచ్చిన ఆమె భర్త మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాడు. మంచం చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. సోమవారం పంపించేశారు. చిన్న సర్జనుగారు తిరిగొచ్చేసరికి ఆ మంచంమీద ఇంకెవరో ఉన్నారు, పెద్ద డాక్టరుగారు ఆయన్ని "ఏం డాక్టరూ, ఇంకా గింజలున్నాయా?" అని పలకరించారు.

వెళ్ళేముందు అత్తగారు నా కిటికీ దగ్గరికి వచ్చింది. చంకలో మూట ఉంది.

"బాబుగారూ, మీరు పెద్ద చదువు చదివినోళ్ళు. నాదొక సందేహం. పేగు బాగానే ఉందన్నారు గదా. ముందురోజు రాత్రి ఆముదం పొయ్యకపోయినా అంత బాగానే ఉంటదంటారా?"

నేను ఆమె చీటీ వెతికి తీశాను. దానిమీద నా ముద్ర ఉంది.

"పిల్లోడికి జవాబులు చెప్పేసి పరీక్ష పెడితే ఎవుడైనా పాసవుతాడు గదా అని," అంది ఆవిడ, కోపం లేకుండా. "సరే, వెళ్ళొస్తామండీ. బస్సు టైమైంది."

బస్సు టైము కావటం నాకు మంచిదైంది, ముఖం దాచుకోవటానికి.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు, కానీ చెప్పకుండా దాటేస్తే ఈ కథకి అర్థం లేదు. అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో నా జీతంమీద అయిదుగురు బతుకుతున్నారు. బాబాయితో మాత్రం చెప్పాను. ఆయన ఫిల్ము కడుగుతూనే విన్నాడు.

"చెబితే ఉద్యోగం పోద్ది. చెప్పకపోతే నిద్ర పోద్ది. నిద్రకయితే కాంపౌండరు దగ్గర మందుంది."

ఆ మందు నాకు పనిచేయలేదు. గోడవైపు తిరిగి పడుకున్న ఆ మనిషే కళ్ళముందు మెదిలేది. రోగం లేదని ఆస్పత్రే అన్నాక ఆమెని ఇక ఎవరూ నమ్మరు. మొగుడు నమ్మడు, ఊరు నమ్మదు. రేపు పేగు పూర్తిగా మూసుకుపోయి ప్రాణంమీదికొచ్చినా, నటిస్తోందనే అంటారు. శనివారం చిన్న సర్జనుగారి గదికి వెళ్ళి చీటీ తీసి బల్లమీద పెట్టాను. ఆయన ముద్రని చాలాసేపు చూశారు.

"అక్షరాలు బాగున్నాయి," అన్నారు. "ఎక్కడ చేయించారు?"

"గవర్నరుపేటలో సార్."

"రేపు ఆదివారం కదా. ఆ ఊరికి బస్సుందా?"

అంతే. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఊళ్ళో దిగాను. క్రషింగ్ సీజను. ఫ్యాక్టరీకి చెరుకు మోసే బళ్ళూ లారీలూ కాలవగట్టు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. ఇల్లు కనుక్కోవటం కష్టం కాలేదు. "ఆస్పత్రినించి తిరిగొచ్చినావిడ" అంటే చాలు, నవ్వుతూ చూపించారు. ఆ నవ్వు నా పనే.

భర్త అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. మర్యాదలో లోటు లేదు, ముఖంలో మాత్రం ఏమీ లేదు. "మళ్ళీ ఆస్పత్రి మాట ఎత్తొద్దని చెప్పానండీ. నలుగుర్లో తల కొట్టేసినట్టయింది," అన్నాడు.

"ఆవిడ అబద్ధం చెప్పలేదండీ. తప్పు నాది," అని జరిగిందంతా చెప్పాను. అత్తగారు స్తంభానికి ఆనుకుని వింటోంది. నా పాఠం నేను సరిగ్గా అప్పజెబుతున్నానా లేదా అని చూస్తున్నట్టుంది.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. "ఫొటో తీసింది మీరేనా?"

"నేనేనమ్మా."

"ఆముదం ముద్రేసిందీ మీరేనా?"

"అవునమ్మా. మళ్ళీ ఒక్కసారి వస్తే సరిగ్గా చేస్తాం."

ఆమె గడప దాటి అరుగుమీదికి వచ్చింది. "వస్తానండీ. కానీ ఇక్కడ మా అరుగుమీద తప్పయిందంటే నాకేం ఒరగదు. ఆ పెద్ద డాక్టరుగారు అందరూ వింటుండగా అన్నారు. మీరూ అక్కడే, ఆ మంచం దగ్గరే, అందరూ వింటుండగా చెప్పాలి. చెబుతారా?"

చెబుతానన్నాను. అనేశాక సగం మజ్జిగ గ్లాసులోనే వదిలి లేచాను.

తిరుగు బస్సెక్కేసరికి చీకటి పడుతోంది. ముందు సీట్లో కూర్చున్నాను. ఊరు దాటగానే బస్సు లైట్లు కాలవగట్టు మలుపుమీద పడ్డాయి. చెంబులు పక్కన పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచి, రోడ్డుకి వీపు పెట్టి నిలబడ్డారు. బస్సు వెళ్ళిపోయింది. మా వెనక చెరుకు లారీ, దాని వెనక ఇంకోటి. పుట్టినప్పటినుంచీ మన ఊళ్ళ దారుల్లో చూస్తున్నదే. మర్యాదస్తులు తల తిప్పుకుంటారు. నేనూ తిప్పుకున్నాను. ఆ రోజుకి అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. నా ఆలోచనంతా పెద్ద డాక్టరుగారి చుట్టూ తిరుగుతోంది.

బుధవారం ఆమె వచ్చి చేరింది. గురువారం రౌండ్స్‌లో ఆమె మంచం దగ్గర నిలబడి చెప్పాను. వార్డంతా వింది. ఊడ్చే మనిషి చీపురు ఆపి మరీ వింది. పెద్ద డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"స్టాంపు నేనే మెచ్చుకున్నానుగా?"

"అవును సార్."

"అయితే తప్పులో నాకూ వాటా ఉంది." ఆమెవైపు తిరిగి, "ఏమ్మా, నేను తొందరపడి అన్నాను," అన్నారు. ఆ మాట ఆయన నోట విన్నవాళ్ళు మా ఆస్పత్రిలో అంతకుముందు ఎవరూ లేరు. తరవాత నాతో, "ఏమోయ్, ఇకనుంచి ప్రతి చీటీ చేత్తో రాయి. చేత్తో రాస్తే ఏం రాస్తున్నావో చదువుతావు," అన్నారు. ఉద్యోగం పోలేదు. రిటైరయ్యేదాకా చేత్తోనే రాశాను. మీకు ఇప్పుడు కంప్యూటరే రాసిపెడుతుందట. మీ జాగ్రత్తలో మీరుండండి.

అయితే పెద్ద డాక్టరుగారిది ఇటు కాకపోతే అటు. "రోగం నిజమేనని తేలింది. ఇంకా గింజలెందుకు? వచ్చే బుధవారం ఆపరేషను టేబులు ఖాళీ. పేగు తీసేయండి," అన్నారు.

"ఒక్క వారం ఇవ్వండి సార్. ఏది పాడైందో చూసి కోద్దాం," అన్నారు చిన్న సర్జనుగారు.

వారం ఇచ్చారు. మళ్ళీ ఇరవై ముక్కలు కోశాం. ఈసారి ఆముదం సీసా అత్తగారే వార్డు బీరువాలో పెట్టించి తాళం వేయించింది. తాళంచెవి ఆవిడ కొంగునే ఉంది. అయిదు రోజుల తరవాత ఫొటో తీశాను. బాబాయి మొదటిసారి నోరెత్తకుండా ఫిల్ము నా చేతికిచ్చాడు. పైన పేగంతా ఖాళీ. అడుగున, గుమ్మం దగ్గర, ముక్కలన్నీ పొద్దున్నే రేషన్ కొట్టు ముందు జనంలా గుమిగూడి ఉన్నాయి. పందొమ్మిది లెక్కకొచ్చాయి. ఇరవయ్యోది ఎముక వెనక దాక్కుంటే, ఆమెని పక్కకి తిప్పి ఇంకో ఫొటో తీసి పట్టుకున్నాను. ఈసారి దేన్నీ ఊహకి వదిలే ధైర్యం లేదు.

"పేగు తన పని తాను చేసింది సార్," అన్నారు చిన్న సర్జనుగారు. "అన్నీ మోసుకొచ్చి గుమ్మంలో పెట్టింది. తలుపే తెరుచుకోవటంలేదు. పేగు కోసి పారేసినా తలుపు తెరుచుకోదు."

పెద్ద డాక్టరుగారు ఫిల్మును రెండు నిమిషాలు చూసి బుధవారం టేబులు హెర్నియాకి ఇచ్చేశారు.

మర్నాడు జరిగిన పరీక్షలో నేను లేను. ఉండకూడదు కూడా. వార్డు సిస్టరు చెప్పింది రాస్తున్నాను. రబ్బరు చేతితొడుగు వేలు ఒకటి కోసి, సన్నటి గొట్టానికి బుడగలా కట్టి, రెండో కొస రక్తపోటు చూసే పెట్టెకి తగిలించారట. బుడగని గుమ్మం దగ్గర ఉంచి, ముక్కమన్నారు. ముక్కినప్పుడు మలద్వారాన్ని మూసి ఉంచే కండరం వదులై పాదరసం దిగాలి. ఆమె ముక్కినకొద్దీ పాదరసం పైకెక్కింది. తెరవబోతూ గడియ బిగిస్తోందన్నమాట, తనకి తెలియకుండానే.

"ఎందుకిలా అలవాటైందో తెలియటంలేదు," అన్నారు చిన్న సర్జనుగారు ఆ సాయంత్రం మా గదిలో.

అప్పుడు నాకు బస్సు గుర్తొచ్చింది. సిగ్గుపడుతూనే చెప్పాను. లైట్లు పడటం, ఆడవాళ్ళు లేవటం, వెనక లారీలు. ఆయన లేచి వార్డుకి వెళ్ళారు. సిస్టరు చేత అడిగించారు. ఆమె దాచలేదు.

"కాపరానికొచ్చిన ఏడే ఆ రోడ్డేశారండీ. సీజన్లో బళ్ళు ఆగవు. లైటు పడితే లేవాల. కూర్చుంటే ఇంకో లైటు. కొత్త కోడల్ని, సిగ్గు. రేపు చూద్దాంలే అని బిగబట్టుకుని ఇంటికొచ్చేదాన్ని. కొన్నాళ్ళకి లైటు లేకపోయినా లోపల బిగుసుకుపోవటం మొదలెట్టింది. ఇదొక రోగవని నాకేం తెలుసు?"

అత్తగారు పక్కనే ఉంది. "నేనూ అక్కడే లేచాను గదమ్మా అన్నేళ్ళూ. ఒక్క మాట చెప్పకపోయావా," అంది. అని ఏడ్చింది. ఆవిడ ఏడుస్తుందని మేమెవరం అనుకోలేదు.

దీనికి వైద్యం ఏ పుస్తకంలోనూ చిన్న సర్జనుగారికి దొరకలేదు. పాదరసం పెట్టెని ఆమెవైపే తిప్పిపెట్టించారు. "ఇది దిగాలమ్మా. ఎలా దించుతావో నీ ఇష్టం," అన్నారు. రోజుకి రెండుసార్లు, సిస్టరు తోడుగా. మొదటి వారం దిగలేదు. రెండో వారంలో ఒకరోజు ఆమె ముక్కటం మానేసి, ఊపిరి మెల్లగా వదిలి, పొట్టని జారవిడిచిందట. పాదరసం జరజరా దిగింది. "బెల్లం కాచే పెనం పొంగినప్పుడు గరిటేసి కొట్టకూడదండీ, మంట తగ్గించాల. అట్టా చేశాను," అందట సిస్టరుతో. మేం అంత చదివీ ఆ మాట చెప్పలేకపోయాం.

నాలుగో వారం ఆమె ఆముదం లేకుండా రోజు విడిచి రోజు వెళ్ళింది. అత్తగారు వేళ్ళు మడవటం మానేసి, ఆ తాళంచెవి నా బల్లమీద పెట్టి వెళ్ళింది.

డిశ్చార్జి రోజున చిన్న సర్జనుగారు రాసిన మందుచీటీ పట్టుకుని కాంపౌండరు మా గదికొచ్చాడు. "ఇది మన స్టోర్సులో లేదు. నువ్వు చదివి చెప్పు, ఇదేం కంపెనీ మందు," అన్నాడు. చదివాను. "పెరట్లో గొయ్యి ఒకటి. చుట్టూ తాటాకు దడి. తలుపు, దానికి లోపలివైపు గడియ. రోజూ, ఎంతసేపైనా" అని ఉంది. భర్త ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "వారంలో కట్టించేస్తానండీ," అన్నాడు. కట్టించాడు. మూడు నెలల తరవాత చూపించుకోవటానికొచ్చినప్పుడు ఆమె కాస్త ఒళ్ళు చేసింది. నాకు గంపెడు చెరుకుముక్కలు తెచ్చింది. "వీటిమీద ముద్రలేం వెయ్యమాకండి," అంది.

మా విజయగాథ అక్కడితో అయిపోయిందని చాలాకాలం అనుకున్నాను. పరీక్ష సరిగ్గా చేస్తే కత్తి తప్పుతుందని కుర్రాళ్ళకి చెప్పేటప్పుడల్లా ఈ కేసే చెప్పేవాణ్ణి.

మరుసటి సీజన్లో కూచిపూడి దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళి, సాయంత్రం బస్సులో అదే దారిన తిరిగొస్తున్నాను. ఆ ఊరి మలుపులో లైట్లు గట్టుమీద పడ్డాయి. ఆడవాళ్ళు లేచి, వీపు పెట్టి నిలబడ్డారు. తల తిప్పుకోవాలి. కానీ ఏళ్ళ తరబడి ఫిల్ములమీద ముక్కలూ మచ్చలూ లెక్కపెట్టినవాణ్ణి, కళ్ళు వాటంతటవే లెక్కపెట్టాయి. తొమ్మిదిమంది. వాళ్ళలో ఆమె లేదని నాకు తెలుసు. ఆమెకి తలుపూ గడియా ఉన్నాయి.

బస్సు దాటిపోయింది. వాళ్ళు మళ్ళీ కూర్చునే ఉంటారు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి మలుపులో ఇంకో లారీ లైట్లు కనబడ్డాయి.